ఆగ్నేయంలో రెండో పెట్టె

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, దసరా వెళ్లిన పది రోజులకు, ఒక మంగళవారం ఉదయం నన్ను బుకిట్ పంజాంగ్‌లోని ఒక ఫ్లాట్‌కు వెళ్లమని పురమాయించారు. అప్పటికి సింగపూర్‌లో నెట్‌వర్కుల మరమ్మతు పనిలో నాకు ఇరవై రెండేళ్లు నిండాయి. హోదా లీడ్ ఫీల్డ్ ఇంజనీర్. పాయా లేబర్ ప్రాంతంలో ఉన్న మా సంస్థ చిన్న కంపెనీల కంప్యూటర్ల బాగోగులు చూసేది. ఆ కంపెనీల ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేయడం మొదలయ్యాక, వాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లు కూడా మా నెత్తికే వచ్చాయి.

మా పనిలో ప్రతి ఫిర్యాదుకూ ఒక టికెట్ ఉంటుంది. టికెట్ అంటే కంప్యూటర్లో తెరిచే ఒక పత్రం. మొదటి లెవెల్ వాళ్లు ఫోన్‌లో మాట్లాడతారు. రెండో లెవెల్ వాళ్లు తమ కుర్చీలోంచి కదలకుండా అవతలి కంప్యూటర్‌లోకి దూరి చూస్తారు. వాళ్లకీ లొంగకపోతే మూడో లెవెల్, అంటే నాలాంటి వాళ్లు, సంచి భుజాన వేసుకుని బయల్దేరతారు. పని అయ్యాక టికెట్ మూసేటప్పుడు కారణాన్ని తెలిపే ఒక నంబరు వేయాలి. పరికరం చెడితే ఒకటి, తీగ తెగితే రెండు, అలా. నాలుగు అంటే అమర్చిన వాళ్ల లోపం. ఏడు అంటే వాడేవాళ్ల పొరపాటు.

ఏడో నంబరంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కారణం దొరకని ప్రతి టికెట్‌నూ మావాళ్లు ఏడుతో మూసేవారు. వాడేవాడు వచ్చి అభ్యంతరం చెప్పడు, అసలు ఆ నంబరు వాడికి కనపడదు కూడా. నా సర్వీసు మొత్తంలో నేను ఏడు వేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా, వాడిన మనిషి తన నోటితో ఒప్పుకున్నాకే వేశాను. దీనివల్ల నా టికెట్లు ఎక్కువ రోజులు తెరిచి ఉండేవి. ఏటా సమీక్షలో ఆ మాట అనిపించుకునేదాన్ని. అనిపించుకుని, మళ్లీ అలాగే చేసేదాన్ని.

ఈ టికెట్ సింధు అనే అమ్మాయిది. పెద్ద భవనాలకు ఏసీ గాలి గొట్టాలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో నక్షాలు గీసే పని ఆమెది. ఇంట్లో ఆమెకు రెండు యంత్రాలు. పడకగదిలో నక్షాలు గీసే పెద్ద కంప్యూటర్, చేతిలో ఒక ల్యాప్‌టాప్. నక్షాలన్నీ పెద్ద కంప్యూటర్‌లోని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్‌ను ఇంటి నెట్‌వర్క్ మీద ల్యాప్‌టాప్‌తో పంచుకునేలా పెట్టారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ గదిలో ఆమె మామగారు పడుకుంటారు. ఆ రెండు గంటలూ ఆమె హాల్లోకి వచ్చి ల్యాప్‌టాప్ మీద అవే నక్షాలు తెరిచి దిద్దుకోవాలి. ఒక్కోరోజు ఫోల్డర్ తెరుచుకునేది, ఒక్కోరోజు తెరుచుకునేది కాదు. తెరుచుకోనప్పుడు ల్యాప్‌టాప్ తాను అంతకుముందు దాచుకున్న పాత నకలును చూపించేది. పైకి చూస్తే తేడా తెలియదు. ఆమె ఆ నకలులో దిద్దేది, అసలు ఫైలు పడకగదిలో అలాగే ఉండిపోయేది. ఇలా రెండుసార్లు దిద్దని నక్షా ఆఫీసుకు వెళ్లింది. రెండోసారి వెళ్లిన నక్షాను పట్టుకుని పనివాళ్లు ఒక గోడకు తప్పు చోట కన్నం కొట్టారు.

టికెట్‌ను అప్పటికే రెండుసార్లు తెరిచి రెండుసార్లూ ఏడుతో మూశారు. ఇది మూడోసారి. శుక్రవారానికి మా సంస్థ నుంచి ఆమె ఆఫీసుకు నివేదిక వెళ్లాలి. అందులో మూడోసారీ వాడేవాళ్ల పొరపాటే అని ఉంటే ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు తీసేస్తామని వాళ్ల మేనేజర్ రాతపూర్వకంగా చెప్పాడు. ఆమె కూతురు ఒకటో తరగతి, ఒంటిగంటన్నరకు బడి వదులుతారు. భర్త బ్యాంకు పని మీద నెలలో సగం రోజులు జకార్తాలో ఉంటాడు. వెసులుబాటు పోతే ఉద్యోగం పోయినట్టే.

మా సర్వీస్ మేనేజర్ శ్రీధర్ హైదరాబాద్ అబ్బాయి. నాకంటే పదిహేనేళ్లు చిన్న, నాకంటే రెండు మెట్లు పైన. బయల్దేరేముందు నన్ను ఆపి, "మేడమ్, గంటల చూసి వచ్చేయండి. ఊరికే పాస్‌వర్డ్ మర్చిపోతుంటదేమో. సెవెన్ పెట్టి క్లోజ్ చేద్దాం లా," అన్నాడు, సింగపూర్ వాళ్లలా చివర ఆ "లా" తగిలించి. చూడకుండానే కారణం తెలిసినప్పుడు నన్ను పంపడమెందుకని అడిగాను. నవ్వి తన కంప్యూటర్ వైపు తిరిగాడు.

రెండు రైళ్లు మారి, చివర చిన్న రైలెక్కి, పదకొండు గంటలకు ఆ ఇంటికి చేరాను. తలుపు తీసింది సింధు మామగారు ఓబులేసు గారు. ప్రొద్దుటూరులో బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరయిన మనిషి. డెబ్బై దాటినా నిటారుగా ఉన్నారు. నన్నూ నా సంచినీ ఎగాదిగా చూసి, "ఏమ్మా, మొగోళ్లెవురూ దొరకలేదా, నిన్ను పంపిచ్చినారు?" అన్నారు.

"వాళ్లు రెండుసార్లు చూశారు బాబాయిగారూ. వాళ్ల వల్ల కాకే నన్ను పంపారు," అన్నాను. ఆయన మీసం కింద నవ్వుకుని పక్కకు తప్పుకున్నారు.

సింధు ముఖం చూడగానే ఆ అమ్మాయి సరిగా నిద్రపోవడం లేదని తెలిసింది. మా వృత్తిలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ మధ్య ఇంట్లో ఏమైనా మార్చారా? జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: ఏమీ మార్చలేదు. సింధు కూడా అదే చెప్పింది. చెప్పేముందు ఒక్క క్షణం మామగారి వైపు చూసింది. ఆ చూపును నేను మనసులో రాసుకున్నాను.

తర్వాత ఆమె ఒక మాట చెప్పింది. "ఆంటీ, నేను చెప్తే ఎవరూ నమ్మలేదు. సోఫాలో కూర్చుంటే ఫోల్డర్ ఓపెన్ అవుతుంది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే అవ్వదు. నాకేమన్నా పిచ్చా అని నాకే డౌట్ వస్తాంది."

ఈ మాట టికెట్‌లో ఉంది. మా రెండో లెవెల్ కుర్రాడు దాన్ని ఇంగ్లీషులో ఇలా రాశాడు: వాడుకరి వివరణ పొంతన లేకుండా ఉంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రోగి ఫలానా చోట నొప్పి అంటుంటే వైద్యుడు ఆ మాటే పొంతన లేనిదని రాసుకున్నట్టుంది. వాడేవాళ్లకు కారణం తెలియకపోవచ్చు, కానీ లక్షణం వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. నేను సంచి దించి, ముందు డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చున్నాను.

వరస ప్రకారం చూసుకుంటూ పోయాను. పెద్ద కంప్యూటర్‌లో ఫోల్డర్ పంచుకునేలా ఉందా? ఉంది. ఆమె పేరుకు చదివే హక్కూ రాసే హక్కూ రెండూ ఉన్నాయా? ఉన్నాయి. రెండు యంత్రాలూ ఇంటి నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా గుర్తించాయా? గుర్తించాయి. పరాయి నెట్‌వర్క్‌గా గుర్తిస్తే కంప్యూటర్ తలుపులు వేసేసుకుంటుంది, చాలా ఇళ్లలో తిప్పలు అక్కడే. పాస్‌వర్డ్ సరైనదే. శ్రీధర్ ఊహ అక్కడితో సరి.

అప్పుడు రెండు యంత్రాల చిరునామాలు చూశాను. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల చిరునామా ఉంటుంది. ఇళ్లలో మొదటి మూడు సంఖ్యలు వీధి పేరు లాంటివి, చివరిది ఇంటి నంబరు. ఒకే వీధిలో ఉన్నవాళ్లే ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోగలరు. పడకగది కంప్యూటర్ చిరునామాలో మూడో సంఖ్య సున్నా. నా ముందున్న ల్యాప్‌టాప్‌లో మూడో సంఖ్య ఒకటి. ఒకే ఇంట్లో రెండు వీధులు.

ల్యాప్‌టాప్ పట్టుకుని సోఫా దగ్గరికి వెళ్లి వైఫై ఆపి మళ్లీ పెట్టాను. మూడో సంఖ్య సున్నా అయింది. ఫోల్డర్ తెరుచుకుంది. సింధు నా భుజం మీదుగా చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిరునామాలు పంచేది రూటర్. ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చే చోట గోడకు బిగించి ఉండే పెట్టె పక్కన ఉంటుంది. ఆ ఇంట్లో అది సింహద్వారం పక్కన చెప్పుల బీరువాలో ఉంది, తలుపు వేసి. రెండు రకాల చిరునామాలు వస్తున్నాయంటే చిరునామాలు పంచే పెట్టె ఇంకొకటి ఉండి తీరాలి. అదే అడిగాను. సింధు తల దించుకుంది. ఓబులేసు గారు టీవీ వైపు తిరిగారు. టీవీ ఆపేసి ఉంది.

నేనిక ఎవరినీ అడగలేదు. చెప్పుల బీరువాలోంచి ఒక తీగ బయటికొచ్చి, గోడ అడుగున తెల్ల ప్లాస్టిక్ పట్టీలో దూరి వంటింటి వైపు పోతోంది. దాన్ని చేత్తో తడుముకుంటూ వెళ్లాను. వంటింటి మూల బియ్యం డబ్బా పైన ఒక చెక్క అర. దాని మీద ఉతికిన తువ్వాలు కప్పిన వస్తువు ఏదో ఉంది. తువ్వాలు తీశాను. రెండో రూటర్. నున్నటి నల్లటి పెట్టె, దాని నుదుటన పసుపు, నడిమధ్య కుంకుమ బొట్టు. దసరా నాటి బొట్టు, ఇంకా రాలలేదు.

వంటింటి మూలంటే ఏ దిక్కో నేను అడగనక్కర్లేదు. బాపట్లలో పుట్టి పెరిగినదాన్ని. "ఆగ్నేయంలో పెట్టించారా బాబాయిగారూ?" అన్నాను.

ఆయన ఈసారి సూటిగా చూశారు. "అవునమ్మా, నేనే పెట్టిచ్చినా. ఈశాన్యంలో కరెంటు పెట్టె, వేడి, వైర్ల గంప, అవన్నీ ఉండగూడదు గదా. పైబర్ పెట్టె కదల్దు అన్నారు. సరే, దాన్ని బీరువాలో పెట్టి తలుపేసినాం. పనిజేసే పెట్టెను అగ్ని మూలకు తెప్పిచ్చినాం. ఏం, తప్పా?"

సింధు అందుకుంది. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు వాస్తు అనే మాట ఆమే చెప్పిందట. అవతల ఉన్న ఇంజనీరు ఫోన్ మ్యూట్ చేయడం మర్చిపోయి, పక్కవాడికి ఆ మాట చెప్పి పగలబడి నవ్వాడట. టికెట్‌లో మాత్రం ఆ మాట రాయలేదు. ఇంట్లో అందరూ స్పీకర్‌లో విన్నారు. ఆ రోజు నుంచి ఆ పెట్టె మాట బయట చెప్పకూడదని మామగారు శాసించారు. నేను వస్తున్నానని తెలిసి తువ్వాలు కప్పిందీ ఆయనే.

వాళ్లు దాచడం వల్ల రెండు నెలలు పోయాయి, నిజమే. కానీ నవ్వు విన్నాక ఎవరు చెబుతారు? నేను మాత్రం చెబుతానా? రూటరుకు బొట్టు పెట్టడం మా ఆఫీసులో వాళ్లకు నవ్వులాట కావచ్చు. కొత్త సర్వర్ తెచ్చిన రోజు శుభమని దాని మీద కమలాపండ్లు పేర్చిన చైనీస్ ఇంజనీర్లను ఇదే ఊళ్లో చూశాను, వాళ్లను చూసి ఎవరూ నవ్వలేదు.

పెట్టెను చేతిలోకి తీసుకుని తిరగేశాను. అడుగున మా సంస్థ స్టిక్కర్ ఉంది.

అంటే ఇది వాళ్లు బజారులో కొని తగిలించుకున్నది కాదు. మావాళ్లు వచ్చి అమర్చారు. ఆగస్టులో సింధు భర్త ఫోన్ చేసి వంటింటి వైపు సిగ్నల్ కావాలన్నాడట. ఆ పని అమరిక విభాగం కింద అతని పేరు మీద నమోదైంది. అందుకే సింధు ఫిర్యాదు చూసిన వాళ్లెవరికీ అది కనపడలేదు. రెండో పెట్టె పెట్టేటప్పుడు దాన్ని రెండు విధాలుగా నడపొచ్చు. ఒకటి, మొదటి పెట్టెకు చెయ్యిలా, అంటే సిగ్నల్ మాత్రమే పంచి, చిరునామాలు పంచే పని మొదటిదానికే వదిలేసేలా. రెండు, తానే ఇంకో రూటర్‌గా, తన వీధి తాను వేసుకుని. మా టెక్నీషియన్ ఆ సెట్టింగ్ ముట్టుకోకుండా, డబ్బాలోంచి తీసినది తీసినట్టే తగిలించి, రెండు పెట్టెలకూ ఒకే వైఫై పేరు పెట్టి వెళ్లిపోయాడు. పేరు ఒకటే కాబట్టి ల్యాప్‌టాప్ ఏది దగ్గరైతే దానికి అతుక్కుంటోంది. సోఫా దగ్గర మొదటిది, టేబుల్ దగ్గర రెండోది. సింధు చెప్పింది అక్షరాలా నిజం.

స్టిక్కర్ మీది పని నంబరు చూసి నా ఫోన్‌లో ఆ పాత నివేదిక తెరిచాను. ఒకే ఒక్క వాక్యం: పరీక్షించాను, ఇంటర్నెట్ వస్తోంది. దాని కింద టెక్నీషియన్ పేరు. దాని కింద, తనిఖీ చేసి ఆమోదించినవారు అనే గడిలో, నా పేరు.

లీడ్ ఇంజనీరుగా వారం చివర అమరిక నివేదికలన్నీ చూసి ఆమోదించడం నా విధి. చూసి అని రాసి ఉంటుంది. నేను శుక్రవారం సాయంత్రాలు వాటిని ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోయేదాన్ని. ఇంటర్నెట్ వస్తోందని ఉంటే చాలు, నొక్కేదాన్ని. ఏడో నంబరు మీద ఇరవై రెండేళ్లు కారాలూ మిరియాలూ నూరినదాన్ని, ఈ అమ్మాయికి రెండు ఏడులు పడడానికి దారి వేసింది నేనే. నాకొచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. స్టిక్కర్ గోటితో గీకేస్తే ఊడొస్తుంది. దాని అంచు మీద నా బొటనవేలు ఉంది కూడా.

ఓబులేసు గారు అంతసేపూ నా ముఖమే చూస్తున్నారు. "ఏంది తల్లీ, పెట్టె చెడిపోయిందా?" అన్నారు.

"పెట్టె బాగానే ఉంది బాబాయిగారూ. పెట్టినవాళ్లు సరిగా పెట్టలేదు. మావాళ్లే. సరిచూశానని సంతకం చేసింది నేను," అన్నాను. నోట్లోంచి మాట వచ్చాక స్టిక్కర్ మీది వేలు తీశాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బల్ల దగ్గర కూర్చుని, పని తెలిసిన మనిషి ఇంకో పని తెలిసిన మనిషితో మాట్లాడినట్టు చెప్పారు. "మా డిపోలో గూడా ఇట్లాంటోళ్లు ఉన్నింరి. బండి గేటు దాటి పోతాంటే చాలు, ఓకే అని రాసేటోళ్లు. బండి పోయేది చూసి సంతకం పెట్టగూడదమ్మా. నిలబడేది చూసి పెట్టల్ల. బ్రేకు చూడకుండా పంపిచ్చినావంటే యాడో ఘాట్లో తెలుస్తాది."

పని మొదలుపెట్టాను.

సరిచేయడానికి పట్టింది పది నిమిషాలు. రెండో పెట్టె సెట్టింగుల పేజీ తెరిచి, రూటర్‌గా నడిచే పద్ధతి మార్చి, సిగ్నల్ పంచే చెయ్యిగా నడిచేలా పెట్టాను. పెట్టె ఆగి మళ్లీ లేచింది. అన్ని యంత్రాల చిరునామాల్లోనూ మూడో సంఖ్య సున్నా అయింది. ఇల్లంతా ఒకే వీధి. పడకగది కంప్యూటర్‌కు ఎప్పటికీ ఒకే చిరునామా వచ్చేలా మొదటి పెట్టెలో రాసిపెట్టాను. ల్యాప్‌టాప్ పాత నకళ్లు దాచుకునే అలవాటు మాన్పించాను. ఇకమీదట ఫోల్డర్ అందకపోతే అందలేదని చెబుతుంది, పాతది చూపించి మోసం చేయదు.

పరీక్షకు మాత్రం మధ్యాహ్నం దాకా పట్టింది. రెండు పెట్టెలనూ రెండు కంప్యూటర్లనూ ఆపి మళ్లీ వేశాను. ఆపి వేస్తే నిలవని మరమ్మతు మరమ్మతు కాదు. టేబుల్ దగ్గర ఫైలు మార్చి పడకగదిలో చూశాం, పడకగదిలో మార్చి టేబుల్ దగ్గర చూశాం. సోఫా దగ్గర, బాల్కనీలో, చెప్పుల బీరువా తలుపు తీసి, వేసి. ఆ తర్వాత నేనూ సింధూ పక్కపక్కన కూర్చుని రెండు యంత్రాల్లో వేరుపడిపోయిన నక్షాలు తేదీల వారీగా పోల్చుకున్నాం. ముప్పై పైచిలుకు ఫైళ్లలో ఐదు తేడాగా ఉన్నాయి. ఏది అసలుదో ఆమె చూడగానే చెప్పింది. అజాగ్రత్త మనిషని రెండుసార్లు రాయించుకున్న అమ్మాయికి, ఏ గొట్టం ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్లు జరిపిందో నోటికి ఉంది. మధ్యలో ఓబులేసు గారు మాకిద్దరికీ బొరుగుల ఉగ్గాని కలిపి తెచ్చిపెట్టారు. ఆ రోజు ఆయన పడుకోలేదు.

చివరికి ఆయన అడగాలనుకున్నది అడిగారు. "అయితే పెట్టె మళ్లా ఈశాన్యానికే పెట్టల్లనా?"

"ఎక్కడికీ కదపొద్దు. అది ఆగ్నేయంలోనే ఉండొచ్చు. లోపం దిక్కుది కాదు," అన్నాను. ఆయన తువ్వాలు మడత పెట్టి లోపలికి తీసుకుపోయారు. మళ్లీ కప్పలేదు.

ఆఫీసుకు వచ్చి నాలుగో నంబరు వేశాను. అరగంటలో శ్రీధర్ నన్ను గదిలోకి పిలిచాడు. నాలుగు వేస్తే మన లోపమని మనమే క్లయింటుకు రాసిచ్చినట్టన్నాడు. అసలు రెండో పెట్టె ఎందుకొచ్చిందని అడిగితే చెప్పాను. అతని ముఖం వికసించింది. "వాస్తు కోసం పెట్టించుకున్నరా? ఇంకేంది మేడమ్! వాళ్ల నమ్మకాల కోసం నెట్‌వర్క్ ఆగమాగం చేసుకున్నరు. ఇది పక్కా సెవెన్."

నేను చెప్పింది ఇప్పటికీ నాకు మాటమాటా గుర్తుంది. "వాళ్లింట్లో పెట్టె ఏ మూలన ఉండాలో వాళ్లిష్టం. ఈశాన్యంలో పెట్టమన్నా, అటక మీద పెట్టమన్నా, అది సరిగా పనిచేసేలా పెట్టడానికే మనకు జీతమిస్తున్నారు. వాళ్లు కోరింది చోటు మార్చమని. వీధి మార్చింది మనం."

అప్పుడతను గొంతు తగ్గించాడు. పాత నివేదిక అతనూ తెరిచి చూశాడు. "మేడమ్, అప్రూవల్‌ల మీ పేరే ఉంది. ఫోర్ పెడితే ఫస్ట్ మీకే తగుల్తది. రిటైర్మెంట్ దగ్గర పడ్డది, ఎందుకు చెప్పండి? సెవెన్ పెడితే ఎవ్వలకీ ఏం కాదు."

"ఎవ్వరికీ అంటే? ఆ అమ్మాయి ఎవరూ కాదా?" అన్నాను. నంబరు మార్చే అధికారం తనకుంది కాబట్టి మార్చుకుంటే మార్చుకోవచ్చని, మారిస్తే మాత్రం నివేదిక మీద నా సంతకం ఉండదని, ఎందుకు లేదో క్లయింటు అడిగితే నేనే వెళ్లి చెబుతానని చెప్పి బయటికి వచ్చాను. భయం వేయలేదని అనలేను.

అతను మార్చలేదు. శుక్రవారం వెళ్లిన నివేదికలో కారణం నాలుగు అనే ఉంది. అంతకుముందు వేసిన రెండు ఏడులనూ నాలుగుగా సవరించాలని నేను రాసిన వాక్యం కూడా అలాగే వెళ్లింది. తనిఖీ చేయకుండా ఆమోదించినది ఎవరో పేరుతో సహా రాశాను. ఆ వాక్యాన్ని తీసేయమని అతను చివరిదాకా బతిమాలాడు, నా మేలు కోరే బతిమాలాడనుకుంటాను. తీయలేదు.

సింధు ఉద్యోగం నిలిచింది. వాళ్ల మేనేజర్ క్షమాపణ చెప్పలేదు, కానీ వెసులుబాటు కొనసాగుతుందని ఒక వాక్యం రాశాడు. అది చాలని ఆమె ఫోన్‌లో చెప్పింది. నా విషయానికొస్తే, కొత్త ఏడాది సమీక్షలో ఆమోదించే అధికారం తీసేశారు, హోదాలోంచి లీడ్ అనే మాట తీసేశారు. కొత్త విజిటింగ్ కార్డులు అచ్చువేయించి ఇచ్చారు. బాధపడలేదంటే అబద్ధం, ఆ కార్డుల డబ్బా విప్పకుండానే రిటైరయ్యాను. కానీ శిక్ష అన్యాయమని నేను ఎవరితోనూ అనలేదు. చూడకుండా సంతకం చేసినందుకు ఆ మాత్రం పడాల్సిందే. నిజం రాసినందుకే పడిందని కొందరు స్నేహితులు అన్నారు. ఆ మాటా ఒప్పుకోను.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్ల కోసం ఆ టికెట్ నేర్పిన సంగతి రాస్తున్నాను. ఇంటర్నెట్ వస్తోందంటే ఇంట్లో యంత్రాలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయని కాదు. ఈ గది నుంచి ఆ గదికీ, ఆ గది నుంచి ఈ గదికీ పంపి చూడాలి, ఆపి వేసి మళ్లీ చూడాలి. పరీక్షించాను అని ఒక్క మాట రాసి ఇస్తే ఆమోదించొద్దు, ఎక్కడి నుంచి ఎక్కడికో రాయమనాలి. వాడేవాళ్లు ఏదైనా దాచారంటే, అంతకుముందు వాళ్లను చూసి ఎవరు నవ్వారో కనుక్కోవాలి. ఇక ఏడో నంబరు వేసేముందు పెట్టెను ఒకసారి తిరగేసి అడుగున ఎవరి స్టిక్కర్ ఉందో చూసుకోవాలి. ఆ ఇంట్లో పెట్టె ఇప్పటికీ ఆగ్నేయంలోనే ఉంది, మా స్టిక్కర్‌తోనే ఉంది. నేను గీకలేదు.